పాము కాటు మందు మొదలు వైద్య పరికరాల దాకా: ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోళ్లలో అవసర నిర్ధారణ, సరఫరాదారుల ఎంపిక

వర్షాకాలంలో ఒక రాత్రి, పాము కాటుకు గురైన వ్యవసాయ కూలీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువస్తారు. అక్కడ విరుగుడు మందు ఉంటుందా, ఉండదా అన్నది ఆ రాత్రి తేలే విషయం కాదు. అంతకు ఎన్నో నెలల ముందే, ఎక్కడో ఒక కార్యాలయంలో తయారైన అవసరాల పట్టికలో అది తేలిపోయి ఉంటుంది. ఆ పట్టికలో ఎన్ని సీసాలు రాశారు, ఏ రూపంలోని మందు అడిగారు, ఏ నెలలోపు చేర్చాలన్నారు, ఎవరి నుంచి కొన్నారు అన్న నాలుగు ప్రశ్నలకు దొరికిన సమాధానాలే ఆ కూలీ ప్రాణానికి ఆధారం.

సరుకు అయిపోయినప్పుడల్లా కొటేషన్లు పిలిచి కొనడం సాధారణ కొనుగోలు. సంస్థకు ఏమి కావాలో, ఎంత కావాలో, ఎప్పుడు, ఎక్కడ, ఏ నాణ్యతతో కావాలో ముందుగా నిర్వచించి, ఆ వస్తువు మార్కెట్ తీరును పరిశీలించి, తగిన సరఫరాదారులతో నిలకడైన ఏర్పాటు చేసుకోవడాన్ని వ్యూహాత్మక సేకరణ అంటారు. టెండరు, ధరల పోలిక, ఒప్పందం అన్నీ దాని తర్వాతి దశలు. మొదటి దశలో పొరపాటు జరిగితే, తర్వాతి దశలన్నీ నిబంధనల ప్రకారమే సాగినా ఫలితం తప్పుగానే ఉంటుంది. ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ లేని కొనుగోలు కూడా రోగికి ఉపయోగపడకపోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్లకు ప్రామాణికమైన సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 144వ నియమం ఈ విషయాన్ని స్పష్టంగానే చెబుతుంది. కొనదలచిన వస్తువు వర్ణన నిష్పాక్షికంగా, కొలవదగినదిగా, ఆ వస్తువు చేయవలసిన పనిని తెలిపేదిగా ఉండాలి. ఫలానా బ్రాండు కావాలని కోరకూడదు. నాణ్యత, రకం, పరిమాణం సంస్థ అవసరాన్ని బట్టి ఉండాలి. అనవసర హంగులు చేర్చి వ్యయం పెంచకూడదు. రాష్ట్రాలకు వేర్వేరు చట్టాలు, నియమాలు ఉన్నప్పటికీ మూలసూత్రం ఇదే. అయితే నియమం చెప్పేది ఎలా రాయాలో మాత్రమే. అసలు అవసరం ఎంతో కనుక్కోవలసిన బాధ్యత కొనేవారిదే.

పరిమాణం: నిరుటి లెక్క ఎందుకు చాలదు

ప్రభుత్వ కార్యాలయాల్లో అత్యధికంగా వాడుకలో ఉన్న పద్ధతి, నిరుడు ఎంత ఖర్చయిందో చూసి దానికి కొంత శాతం కలపడం. దీన్ని వినియోగ పద్ధతి అంటారు. రోజూ వాడే మందులకు ఇది పనికివస్తుంది, కానీ ఒక సవరణ తప్పనిసరి. ఒక ఆసుపత్రి ఏడాదిలో 40,000 మధుమేహ మాత్రలు పంపిణీ చేసిందనుకుందాం. రిజిస్టరు జాగ్రత్తగా చూస్తే అందులో రెండు నెలలు మందు నిల్వే లేదని తెలుస్తుంది. అంటే 40,000 మాత్రలు పది నెలల వినియోగం. నెలకు 4,000 చొప్పున ఏడాది అసలు అవసరం 48,000. ఈ సవరణ చేయకుండా 40,000కే ఇండెంటు పెడితే మళ్లీ రెండు నెలలు కొరత వస్తుంది. మరుసటి ఏడాది రిజిస్టరు మళ్లీ 40,000 అనే చూపుతుంది. కొరత తనను తానే అవసరంగా నమోదు చేసుకుంటుంది. బయట కొనుక్కోమని చీటీ రాసి పంపిన రోగుల సంఖ్య ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

రెండో అంశం సరఫరాకు పట్టే కాలం. ఆర్డరు ఇచ్చిన నాటి నుంచి మందు గోదాముకు చేరి, పరీక్ష పూర్తయి, ఆసుపత్రికి అందేసరికి నాలుగు నెలలు పడుతుందనుకుంటే, పై ఉదాహరణలో నిల్వ 16,000కు తగ్గే దాకా ఆగడం ప్రమాదమే. ఆలస్యాలకు ఒక నెల రక్షణ నిల్వ కలిపి, 20,000 మాత్రలు మిగిలి ఉండగానే కొత్త ఆర్డరు వెళ్లాలి.

పాము కాటు మందు విషయంలో ఈ వినియోగ పద్ధతి పూర్తిగా విఫలమవుతుంది. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిరుడు ఒక్క సీసా కూడా వాడలేదనుకుందాం. లెక్క ప్రకారం అవసరం సున్నా. గడువు తీరి వృథా అయిందన్న ఆడిట్ వ్యాఖ్యకు భయపడి ఫార్మసిస్టు కూడా సున్నా అనే రాస్తారు. కానీ అక్కడ కావలసింది సంసిద్ధత. ఒక్క రోగి వచ్చినా మొదటి విడత చికిత్స పూర్తి కావాలి. భారతదేశంలో ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాల ప్రకారం తొలి విడతకే సాధారణంగా 8 నుంచి 10 సీసాలు అవసరమవుతాయి. రక్తం గడ్డకట్టే శక్తి తిరిగి రాకపోతే మరో విడత ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి కేంద్రంలో రెండు సీసాలు ఉన్నాయంటే మందు ఉన్నట్టు కాదు. పట్టికలో మాత్రం అది ‘నిల్వ ఉంది’ అనే నమోదవుతుంది. ఈ మందుకు కొలమానం సీసా కాకుండా రోగి అయి ఉండాలి. ప్రతి కేంద్రంలో కనీసం ఇద్దరు రోగులకు సరిపడా మందు ఎల్లప్పుడూ ఉండాలని నిర్ణయిస్తే, అది వినియోగంతో సంబంధం లేని కనీస నిల్వ అవుతుంది. వాడనివి గడువు దగ్గరపడే ముందే, కేసులు ఎక్కువగా వచ్చే జిల్లా ఆసుపత్రికి మార్చి, వాటి స్థానంలో కొత్తవి పంపితే వృథా కూడా తగ్గుతుంది.

కాలం కూడా అవసరంలో భాగమే. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున సుమారు 58,000 మంది పాము కాటుతో మరణించారని ‘మిలియన్ డెత్ స్టడీ’ ఆధారంగా 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలల్లోనే సంభవించాయి. అధిక మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది. అందుచేత ఏడాది అవసరాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా సమానంగా సరఫరా కోరే ఒప్పందం ఈ మందుకు సరిపోదు. తొలకరికి ముందే, అంటే మే నెలాఖరుకే, పెద్ద వాటా గోదాములకు చేరాలి. బడ్జెట్ ఏప్రిల్‌లో విడుదలయ్యాక టెండరు పిలిస్తే మందు చేరేసరికి వానలు వెనుకబడతాయి.

నిర్దేశాలు: ఏ రూపంలో, ఏ ప్రమాణంతో

అవసరాన్ని కాగితంపై పెట్టే భాషను నిర్దేశాలు అంటారు. మందుల విషయంలో భారతీయ ఔషధ ప్రమాణ గ్రంథం ఉండటం కొనేవారికి ఎంతో వెసులుబాటు. మందులోని పదార్థం, మోతాదు, శుద్ధత, పరీక్షా విధానం అందులో ఉంటాయి కనుక మళ్లీ రాయనక్కర లేదు. రాయవలసినవి ఆ గ్రంథంలో లేని విషయాలు: ప్యాకింగు, లేబులుపై ఉండవలసిన వివరాలు, గోదాముకు చేరేనాటికి మిగిలి ఉండవలసిన వాడుక గడువు, రవాణాలో పాటించవలసిన ఉష్ణోగ్రత.

పాము కాటు మందు రెండు రూపాల్లో దొరుకుతుంది. ద్రవరూపంలోనిదాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. పొడి రూపంలోనిదానికి అటువంటి శీతల నిల్వ అక్కర లేదు. వాడే ముందు శుద్ధ జలంలో కలపాలి. జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో రెండు రూపాలూ ఉన్నాయి, అదీ ప్రాథమిక వైద్య స్థాయి నుంచే. మరి ఏది కొనాలి? కరెంటు నిలకడగా ఉండని ఏజెన్సీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రానికి పొడి మందే తగినది. ధర కొంత ఎక్కువైనా సరే. ఇరవై నాలుగు గంటలూ ఫ్రిజ్ పనిచేసే బోధనాసుపత్రికి ద్రవరూపమైనా ఇబ్బంది లేదు. నిర్దేశంలో కేవలం ‘పాము కాటు విరుగుడు మందు, 10 మిల్లీలీటర్లు’ అని రాసి వదిలేస్తే, తక్కువ ధరకు ఏది వస్తే అది అన్నిచోట్లకూ వెళుతుంది. ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్‌కూ ఇదే వర్తిస్తుంది. వేడికి గురైతే దాని శక్తి తగ్గుతుంది, పైకి చూస్తే మాత్రం తేడా తెలియదు. ఆ ఇంజెక్షను కొన్నవారు దాన్ని చల్లగా చేర్చే బాధ్యతను ఒప్పందంలో రాయకపోతే నీళ్లను కొన్నట్టే.

నిర్దేశాలతో పరిష్కారం కాని సమస్యలూ ఉంటాయని ఒప్పుకోవాలి. భారతదేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు జాతుల విషాలకు విరుగుడు. ప్రమాణం ప్రకారం ఒక మిల్లీలీటరు మందు నాగుపాము, రక్తపింజరల విషాన్ని 0.60 మిల్లీగ్రాముల చొప్పున, కట్లపాము, చిన్న పింజరల విషాన్ని 0.45 మిల్లీగ్రాముల చొప్పున నిర్వీర్యం చేయాలి. తయారీకి కావలసిన విషంలో అధిక భాగం తమిళనాడులోని ఇరుల తెగవారి సహకార సంఘం నుంచే వస్తోంది. 1978లో ఏర్పడిన ఆ సంఘం దశాబ్దాలుగా దేశానికి ఈ సేవ అందిస్తోంది. కానీ ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందనీ, దక్షిణాది విషంతో తయారైన మందు వాయవ్య, ఈశాన్య ప్రాంతాల్లో అంత సమర్థంగా పనిచేయకపోవచ్చనీ పరిశోధనలు చెబుతున్నాయి. మార్కెట్‌లో లేని ప్రాంతీయ మందును టెండరులో కోరితే ఒక్క బిడ్డూ రాదు. అటువంటి అవసరాన్ని కొనుగోలు విభాగం పరిశోధనా సంస్థలకు, తయారీదారులకు విడిగా తెలియజేయాలి. అంతవరకు సరఫరాలో ఉన్నదాన్నే కొనక తప్పదు.

ఏ సరుకుకు ఏ పద్ధతి

అన్ని వస్తువులనూ ఒకే తీరుగా కొనడం పెద్ద లోపమని పీటర్ క్రాల్జిక్ 1983లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో వాదించారు. వస్తువు సంస్థకు ఎంత ముఖ్యం, దాని సరఫరాలో ఎంత ప్రమాదం ఉంది అన్న రెండు ప్రశ్నలతో ఆయన సరుకులను నాలుగు వర్గాలుగా విభజించారు. ఆసుపత్రికి అన్వయిస్తే, పారాసెటమాల్ పెద్ద మొత్తంలో కావాలి, తయారీదారులూ ఎందరో ఉన్నారు. అక్కడ పోటీ పెంచి ధర తగ్గించుకోవచ్చు. హీమోఫీలియా రోగులకు ఇచ్చే ఫ్యాక్టర్ 8 ఖరీదైనది, సరఫరాదారులు కొద్దిమందే. అక్కడ దీర్ఘకాల ఒప్పందం మేలు. కాగితాలు, చీపుర్ల వంటివాటిపై అధికారుల సమయం వృథా చేయకూడదు. 2016 ఆగస్టులో మొదలైన ప్రభుత్వ ఈ-మార్కెట్ వేదిక అటువంటివాటికి చాలు.

పాము కాటు మందు నాలుగో వర్గానికి చెందుతుంది. మొత్తం మందుల బడ్జెట్‌లో దాని వాటా స్వల్పం, అందుచేత ఖర్చును బట్టి వరుస పెట్టిన పట్టికలో అది ఎక్కడో అడుగున ఉంటుంది. లేకపోతే మాత్రం ప్రాణం పోతుంది. తయారీదారులను వేళ్లపై లెక్కించవచ్చు. వారిలో తెలంగాణకు చెందిన సంస్థ కూడా ఉంది. గుర్రాలకు విషాన్ని సూక్ష్మ మోతాదుల్లో ఎక్కించి, వాటి రక్తంలో ఏర్పడిన ప్రతిరక్షకాలను వేరుచేసి తయారు చేయాలి కనుక, హఠాత్తుగా ఆర్డరు రెట్టింపు చేస్తే ఉత్పత్తి రెట్టింపు కాదు. ఇటువంటి సరుకు విషయంలో ధరపై పట్టుబట్టి సరఫరాదారును పోగొట్టుకోవడం కంటే, రెండేళ్ల అవసరాన్ని ముందుగా చెప్పి, కచ్చితమైన పరిమాణానికి హామీ ఇచ్చి, సమయానికి చేర్చే బాధ్యతను రాయించుకోవడం తెలివైన పని. ఇది ఈ వ్యాసకర్త అభిప్రాయమే అయినా, టెండరుకు బిడ్లే రాని అనుభవం ఉన్న కొనుగోలు అధికారులు దీన్ని కాదనరు.

సరఫరాదారుల ఎంపిక: తమిళనాడు అనుభవం

ఈ రంగంలో దేశానికి నమూనాగా చెప్పుకునేది తమిళనాడు వైద్య సేవల సంస్థ. 1994 జూలైలో ఏర్పడి, 1995 జనవరి నుంచి కొనుగోళ్లు చేపట్టింది. ఐఏఎస్ అధికారి పూర్ణలింగం ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న పద్ధతులను తర్వాత అనేక రాష్ట్రాలు అనుసరించాయి. కేరళ, రాజస్థాన్ ఇటువంటి సంస్థలను నెలకొల్పుకున్నాయి. 2011 అక్టోబరు 2న మొదలైన రాజస్థాన్ ఉచిత మందుల పథకం అటువంటి సంస్థ ద్వారానే నడిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ మందుల కొనుగోలును వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థలే చూస్తున్నాయి.

తమిళనాడు పద్ధతిలో గమనించదగినది, సరఫరాదారును ఎంచుకునే ముందు అవసరాన్ని కుదించడం. అత్యావశ్యక మందుల జాబితా తయారు చేసి, జాబితాలోని మందులను బ్రాండు పేర్లతో కాకుండా మూల నామంతోనే కొన్నారు. అర్హత ఉన్న తయారీదారుల నుంచి నేరుగా బిడ్లు స్వీకరించి, మధ్యవర్తులను తొలగించారు. డబ్బాల్లో విడిగా వచ్చే మాత్రలకు బదులు, ప్రభుత్వ ముద్ర ఉన్న స్ట్రిప్పులను కోరారు. దానితో మాత్రలు చెడిపోవడం, దారి మళ్లడం రెండూ తగ్గాయి.

బిడ్లను రెండు కవర్లలో తీసుకుంటారు. మొదటి కవరులో తయారీ లైసెన్సు, ఉత్తమ తయారీ విధానాల ధ్రువపత్రం, కొన్నేళ్ల మార్కెట్ అనుభవం, వార్షిక టర్నోవరు వంటి అర్హతలు ఉంటాయి. అందులో నెగ్గినవారి ధరల కవరు మాత్రమే తెరుస్తారు. ఇక్కడ కొనేవారి వివేకానికి పరీక్ష. అర్హతలను మరీ సడలిస్తే, ఉత్పత్తి సామర్థ్యం లేని సంస్థ అతి తక్కువ ధర వేసి ఆర్డరు దక్కించుకుని చేతులెత్తేస్తుంది. మరీ బిగిస్తే ఒకరిద్దరే మిగిలి ధర పెరుగుతుంది. టర్నోవరు షరతు ఎంత ఉండాలన్నది ఆ మందు ఆర్డరు విలువను బట్టి నిర్ణయించాలి. పది లక్షల ఆర్డరుకూ, పది కోట్ల ఆర్డరుకూ ఒకే గీత గీయడం చిన్న పరిశ్రమలను అకారణంగా బయటికి నెట్టడమే.

సరఫరా వచ్చాక జరిగే పరీక్ష ఈ పద్ధతికి వెన్నెముక. ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, తయారీదారు పేరు కనిపించకుండా కోడ్ సంఖ్య వేసి, ఎంపిక చేసిన ప్రయోగశాలలకు పంపుతారు. ఎవరి మందును పరీక్షిస్తున్నదీ ప్రయోగశాలకు తెలియదు. నెగ్గిన బ్యాచ్‌లే ఆసుపత్రులకు వెళతాయి. పదే పదే విఫలమైన సంస్థను కొంతకాలం నిషేధిస్తారు. ఆసుపత్రులకు పాస్‌పుస్తకాలు ఇచ్చి, తమకు కేటాయించిన విలువ మేరకు జిల్లా గోదాము నుంచి కావలసినవి తీసుకునే స్వేచ్ఛ కల్పించడం మరో విశేషం. దాంతో పైనుంచి రుద్దిన సరుకు పేరుకుపోవడం తగ్గి, ఎక్కడ ఏది నిజంగా ఖర్చవుతోందో తెలిసే సమాచారమూ సమకూరింది. మరుసటి ఏడాది అవసర నిర్ధారణకు అదే ముడిసరుకు.

ఒకే సరఫరాదారుపై ఆధారపడకుండా ఆర్డరును ఇద్దరు ముగ్గురికి పంచే పద్ధతీ ఉంది. తక్కువ ధర వేసిన వారి ధరకే మిగతావారు ఒప్పుకుంటే వారికీ వాటా ఇస్తారు. ఏ నిష్పత్తిలో పంచుతారో టెండరు పత్రంలోనే ప్రకటించాలి, తర్వాత నిర్ణయించడం కుదరదు. అయితే ఇద్దరు సరఫరాదారులున్నంత మాత్రాన రెండు ఆధారాలు ఉన్నట్టు కాకపోవచ్చు. ఇద్దరూ ముడి ఔషధాన్ని ఒకే విదేశీ ఉత్పత్తిదారు నుంచి కొంటుంటే, అక్కడ ఉత్పత్తి ఆగిన రోజు ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. భారత్ దిగుమతి చేసుకునే ముడి ఔషధాల్లో చైనా వాటా సుమారు మూడింట రెండు వంతులు. ఈ పరాధీనతను తగ్గించేందుకే 2020లో కేంద్రం ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహక పథకాన్ని, బల్క్ డ్రగ్ పార్కులను ప్రకటించింది. ఆ పార్కుల్లో ఒకటి అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో రూపుదిద్దుకుంటోంది. ముడి ఔషధం ఎక్కడి నుంచి వస్తోందో బిడ్‌లో తెలపాలని కోరడం కొనేవారి చేతిలో ఉన్న చిన్న జాగ్రత్త.

కొనేవారి బాధ్యతలు ఒప్పందంలో చాలాసార్లు అస్పష్టంగానే మిగిలిపోతాయి. బిల్లు ఎప్పుడు చెల్లిస్తారో తెలియని కొనుగోలుదారుకు ఏ వ్యాపారీ తక్కువ ధర ఇవ్వడు. ఆలస్యానికి అయ్యే వడ్డీని ముందే ధరలో కలుపుతాడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించాలనీ, లేదంటే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి చట్టం చెబుతోంది. చట్టం ఉన్నా, ప్రభుత్వంపై వడ్డీ కోసం పేచీ పెట్టే చిన్న సరఫరాదారులు అరుదు. వారు మరుసటి టెండరులో పాల్గొనడం మానేస్తారు, అంతే.

పరికరాలు: యంత్రం కొనడమా, పని కొనడమా

వైద్య పరికరాల విషయంలో అవసర నిర్వచనం ఎలా తప్పుతుందో 2015 ప్రాంతంలో కేంద్ర ఆరోగ్య శాఖ చేయించిన గణన బయటపెట్టింది. 29 రాష్ట్రాల్లోని 29,115 ఆరోగ్య సంస్థల్లో సుమారు 7.56 లక్షల పరికరాలను గుర్తించారు. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం పనిచేయని స్థితిలో ఉన్నాయి. కొనేటప్పుడు యంత్రాన్ని వర్ణించారు తప్ప, అది ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేయాలో చాలాచోట్ల అడగలేదు. తర్వాత వచ్చిన జాతీయ నిర్వహణ కార్యక్రమం కొలమానాన్నే మార్చింది. జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 80 శాతం సమయం పరికరాలు పనిచేస్తూ ఉండాలన్నది అందులోని షరతు. మరమ్మతు ఎలా చేస్తారన్నది గుత్తేదారు ఇష్టం.

అవసరాలను ఒకచోట చేర్చి కొంటే మార్కెట్టే ఎలా మారుతుందో ఆరోగ్య రంగం వెలుపలి ఉదాహరణ ఒకటి చూపుతుంది. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014 ఆరంభంలో ఒక ఎల్‌ఈడీ బల్బును సుమారు 310 రూపాయలకు సేకరించింది. 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. సాంకేతికత చౌక కావడం కొంత కారణం. కోట్ల బల్బుల గిరాకీని ఒకే చోట చూపి, పదే పదే పోటీ బిడ్లు పిలవడం మరో కారణం. బల్బులకు చెల్లిన ఈ సూత్రం పాము కాటు మందుకు యథాతథంగా చెల్లదు. అక్కడ ఉత్పత్తిని కోట్లకు పెంచగల తయారీదారులు లేరు.

పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో, పాము కాటును తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధుల జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. ఇది అమలైన చోట ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ప్రతి కేసునూ, మరణాన్నీ నమోదు చేయాలి. ఏ మండలంలో, ఏ నెలలో, ఎన్ని కేసులు వస్తున్నాయో అప్పుడు కొనుగోలు విభాగానికి తెలుస్తుంది. ఇండెంటులో ఇప్పుడు నిరుటి వినియోగం రాస్తున్న గడిలో ఆ సంఖ్యను రాయవచ్చు.